కెర్నెల్ అప్‌డేట్ తర్వాత బూట్‌లోడర్ సమస్యలు

కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌ను డిస్కు నుంచి మెమరీలోకి తెచ్చి, నియంత్రణను దాని చేతికి అప్పగించే చిన్న ప్రోగ్రామును బూట్‌లోడర్ అంటారు. లినక్స్ ఆధారిత సిస్టమ్‌లలో భద్రతా లోపాలను సరిదిద్దే కొత్త కెర్నెల్‌లు తరచూ వస్తుంటాయి. కొత్త కెర్నెల్ వేశాక కంప్యూటర్ మొదలుకాకపోతే తప్పు కెర్నెల్‌దే అనిపిస్తుంది. నిజానికి చాలా సందర్భాల్లో దానితోపాటు మారవలసిన మరేదో భాగం మారకపోవడమో, సగం మారి ఆగిపోవడమో కారణమవుతుంది. బూట్ ఏ దశలో ఆగిందో తెలిస్తే, ఏ భాగానికి ఏ భాగంతో పొంతన కుదరలేదో దాదాపుగా తేలుతుంది. ఈ వ్యాసం ప్రధానంగా గ్రబ్ 2 వాడే లినక్స్ సిస్టమ్‌ల గురించినది.

చరిత్ర

లినక్స్ తొలినాళ్లలో ఎక్కువగా వాడిన బూట్‌లోడర్ లిలో. వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ దీన్ని 1990ల ఆరంభంలో రాశాడు. లిలోకు ఫైల్‌సిస్టమ్ అంటే ఏమిటో తెలియదు. కెర్నెల్ ఫైలు డిస్కులో ఏయే సెక్టార్లలో ఉందో ముందుగానే ఒక పట్టికలో రాసి ఉంచుకుని, బూట్ సమయంలో ఆ చిరునామాలను అనుసరించి చదివేది. కెర్నెల్ మారితే ఫైలు కొత్త సెక్టార్లలోకి వెళ్తుంది కాబట్టి, ప్రతి అప్‌డేట్ తర్వాతా లిలో ఆదేశాన్ని మళ్లీ నడపడం తప్పనిసరి. ఈ పని మరిచిపోవడమే ఆ రోజుల్లో ప్రధాన సమస్య. ఒక్కో దశ దాటేకొద్దీ తన పేరులోని ఒక్కో అక్షరాన్ని తెరపై చూపడం లిలో పద్ధతి. ఎన్ని అక్షరాలు కనిపించి ఆగిందో చూసి లోపం ఎక్కడుందో చెప్పగలిగేవారు. లిలో అభివృద్ధి 2015 చివరికి ఆగిపోయింది.

గ్రబ్‌ను ఎరిక్ బోలిన్ 1995లో మొదలుపెట్టాడు. గ్నూ హర్డ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను బూట్ చేయడం అప్పటి లక్ష్యం. 1999లో ఇది గ్నూ ప్రాజెక్టు అధికారిక ప్యాకేజీ అయింది. గ్రబ్ ఫైల్‌సిస్టమ్‌ను తానే చదవగలదు. సెక్టార్ చిరునామాలతో దానికి పని లేదు, కెర్నెల్ ఫైలు పేరు తెలిస్తే చాలు. పూర్తిగా తిరగరాసిన గ్రబ్ 2 శాఖలో 2.00 వెర్షన్ 2012లో విడుదలైంది. దీంతో లిలో కాలపు సమస్య తీరింది కానీ, మెనూలో రాసిన ఫైలు పేర్లు, గుర్తింపు సంఖ్యలు నిజంగా డిస్కులో ఉన్నవాటితో సరిపోవాలనే కొత్త షరతు వచ్చింది. నేటి బూట్ సమస్యల్లో పెద్ద భాగం ఈ షరతు తప్పడం వల్ల వచ్చేవే.

బూట్ క్రమం

పాత బయోస్ యంత్రాల్లో ఫర్మ్‌వేర్ డిస్కు మొదటి సెక్టార్‌ను చదువుతుంది. 512 బైట్ల ఈ సెక్టార్‌లో 446 బైట్లు బూట్ కోడ్‌కు, 64 బైట్లు పార్టిషన్ పట్టికకు, చివరి 2 బైట్లు గుర్తుకు కేటాయించి ఉంటాయి. అంత చిన్న చోట గ్రబ్ మొత్తం పట్టదు. అందుకే అక్కడి కోడ్ పక్కనే ఉన్న ఖాళీ సెక్టార్లలోని కోర్ ఇమేజ్‌ను పిలుస్తుంది. జీపీటీ అనే పార్టిషన్ పట్టిక గల డిస్కులలో ఈ ఇమేజ్ కోసం బయోస్ బూట్ పార్టిషన్ అనే చిన్న విభాగం ఉండాలి. కోర్ ఇమేజ్ తన మాడ్యూళ్లను, మెనూ ఫైలును /బూట్/గ్రబ్ డైరెక్టరీ నుంచి చదువుకుంటుంది.

యూఈఎఫ్‌ఐ యంత్రాల్లో ఫర్మ్‌వేర్‌కే ఫ్యాట్ ఫైల్‌సిస్టమ్ చదవడం వచ్చు. ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ అనే విభాగంలోని ప్రోగ్రామ్ ఫైలును అది నేరుగా నడుపుతుంది. ఏ ఫైలును ముందు నడపాలో మదర్‌బోర్డులోని చెరగని మెమరీలో జాబితాగా రాసి ఉంటుంది. సంతకాలను పరీక్షించే సెక్యూర్ బూట్ పద్ధతి అమల్లో ఉంటే ముందు షిమ్ అనే ప్రోగ్రామ్, దాని తర్వాత గ్రబ్ నడుస్తాయి.

ఇక్కడి నుంచి రెండు పద్ధతుల్లోనూ దారి ఒకటే. గ్రబ్ కెర్నెల్ ఫైలును, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే తాత్కాలిక ఫైల్‌సిస్టమ్ ఇమేజ్‌ను మెమరీలోకి ఎక్కిస్తుంది. అసలు రూట్ ఫైల్‌సిస్టమ్‌ను చేరుకోవడానికి కావలసిన డిస్కు డ్రైవర్లు, ఎల్‌వీఎం, ఎన్‌క్రిప్షన్ పనిముట్లు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో ఉంటాయి. అది రూట్‌ను మౌంట్ చేశాక సిస్టమ్‌డీ వంటి తొలి ప్రాసెస్ మొదలవుతుంది.

అప్‌డేట్‌లో మారే భాగాలు

కొత్త కెర్నెల్ ప్యాకేజీ వేసినప్పుడు నాలుగు పనులు జరగాలి. కెర్నెల్ ఫైలు /బూట్‌లో చేరాలి. అదే వెర్షన్ మాడ్యూళ్లు /లిబ్/మాడ్యూల్స్ కింద చేరాలి. ఆ వెర్షన్‌కు తగిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తయారవ్వాలి. బూట్‌లోడర్ మెనూలో కొత్త పద్దు చేరాలి. మొదటి రెండూ ప్యాకేజీలో సిద్ధంగా వస్తాయి. చివరి రెండింటినీ ఆ యంత్రం మీదే, అక్కడి అమరికను బట్టి స్క్రిప్టులు తయారుచేస్తాయి. అందువల్ల ఒకే కెర్నెల్ ఒక యంత్రంలో సాఫీగా నడిచి, మరో యంత్రంలో మొరాయించవచ్చు.

ఎన్విడియా డ్రైవరు, వర్చువల్‌బాక్స్ వంటి బయటి మాడ్యూళ్లు ఉంటే ఐదో పని కూడా ఉంటుంది. డీకేఎంఎస్ అనే వ్యవస్థ ఆ మాడ్యూళ్లను ప్రతి కొత్త కెర్నెల్ కోసం మళ్లీ కంపైల్ చేయాలి. కెర్నెల్ హెడర్ ఫైళ్లు లేకపోయినా, కొత్త కెర్నెల్‌కు ఆ డ్రైవరు కోడ్ సరిపడకపోయినా ఈ పని విఫలమవుతుంది.

గ్రబ్ మెనూ ఫైలును చేత్తో దిద్దకూడదు. వాడుకరి అమరికలు /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైలులో ఉంటాయి. వాటినీ, /ఈటీసీ/గ్రబ్.డీ డైరెక్టరీలోని స్క్రిప్టులనూ ఆధారం చేసుకుని గ్రబ్-ఎంకేకాన్ఫిగ్ ఆదేశం మెనూను తయారుచేస్తుంది. మెనూ ఫైలులో నేరుగా చేసిన మార్పు తదుపరి అప్‌డేట్‌తో చెరిగిపోతుంది.

ఆగిన చోటును బట్టి లోపాన్ని గుర్తించడం

ఫర్మ్‌వేర్ దశ. గ్రబ్ కనిపించకుండానే ఫర్మ్‌వేర్ సెటప్ తెర వచ్చినా, బూట్ చేయదగిన డిస్కు లేదన్న సందేశం వచ్చినా, విండోస్ నేరుగా మొదలైనా కెర్నెల్ వంక చూడనక్కర్లేదు. బూట్ జాబితాలోని పద్దు చెరిగిపోయి ఉండవచ్చు, లేదా వరుస మారి ఉండవచ్చు. ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ ఆదేశంతో ఈ జాబితాను చూడవచ్చు, వరుసను మార్చవచ్చు. కొన్ని ఫర్మ్‌వేర్‌లు తమకు నచ్చని పద్దులను తొలగిస్తాయి. అటువంటి యంత్రాల్లో ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోని బూట్ డైరెక్టరీలో ప్రామాణిక పేరుతో ఒక ప్రతిని ఉంచడం ఉపాయం. జాబితాలో ఏదీ పనిచేయనప్పుడు ఫర్మ్‌వేర్ ఆ ఫైలునే వెతుకుతుంది.

గ్రబ్ రెస్క్యూ దశ. «గ్రబ్ రెస్క్యూ>» అన్న ప్రాంప్ట్ వస్తే కోర్ ఇమేజ్ నడిచింది కానీ తన మాడ్యూళ్లను కనుక్కోలేకపోయిందని అర్థం. పార్టిషన్‌లను తొలగించడం, వాటి సంఖ్యలు మారడం, /బూట్‌ను మరోచోటికి మార్చడం దీనికి కారణాలు. ఫలానా సింబల్ దొరకలేదన్న సందేశం వస్తే విషయం వేరు. అప్పుడు కోర్ ఇమేజ్ ఒక వెర్షన్‌ది, డిస్కులోని మాడ్యూళ్లు మరో వెర్షన్‌వి. రెండు డిస్కులున్న యంత్రంలో గ్రబ్ ప్యాకేజీ అప్‌డేట్ అయినప్పుడు, కొత్త కోర్ ఇమేజ్ బూట్ అయ్యే డిస్కు మీద కాక రెండోదాని మీద పడితే ఈ స్థితి వస్తుంది. 2020లో వచ్చిన గ్రబ్ భద్రతా అప్‌డేట్ల తర్వాత డెబియన్, ఉబుంటు యంత్రాల్లో కొన్ని ఈ రీతిలోనే ఆగిపోయాయి.

సాధారణ గ్రబ్ ప్రాంప్ట్. «గ్రబ్>» అని మాత్రమే కనిపిస్తే మాడ్యూళ్లు దొరికాయి, మెనూ ఫైలు దొరకలేదు లేదా ఖాళీగా ఉంది. ఉబుంటులో దాగి ఉన్న మెనూ కోసం ఎస్కేప్ కీని ఎక్కువసార్లు నొక్కినా ఇదే ప్రాంప్ట్ వస్తుంది. అది లోపం కాదు; నార్మల్ అన్న ఆదేశం ఇస్తే మెనూ తిరిగి వస్తుంది.

మెనూ దశ. మెనూ వచ్చినా కొత్త కెర్నెల్ అందులో లేకపోతే మెనూ ఫైలు తిరిగి తయారు కాలేదు, లేదా తయారైన ఫైలు ఒకచోట ఉంటే గ్రబ్ చదివేది మరోచోట. పద్దును ఎంచుకున్నాక ఫైలు దొరకలేదనీ, ముందు కెర్నెల్‌ను ఎక్కించాలనీ వరుసగా సందేశాలు వస్తే మెనూ చెప్పే ఫైలు /బూట్‌లో లేదు. రెండో సందేశం మొదటి లోపానికి పర్యవసానమే. కనుక మొదటి వరుసనే చదవాలి.

డిఫాల్ట్ పద్దును అంకెతో సూచించినవారికి మరో చిక్కు ఉంది. కొత్త కెర్నెల్ పైన చేరగానే కిందివన్నీ ఒక స్థానం జారుతాయి. పాత కెర్నెల్‌ను ఉద్దేశించి రాసిన అంకె ఇప్పుడు వేరొకదాన్ని చూపుతుంది. అంకెకు బదులు పద్దు పేరునో గుర్తింపునో రాస్తే ఈ జారుడు ఉండదు. విండోస్ పద్దు మాయమవడం కూడా చాలామందిని తికమకపెట్టింది. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి ఇతర ఆపరేటింగ్ సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్ స్క్రిప్టు భద్రతా కారణాలతో డిఫాల్ట్‌గా ఆగి ఉంటుంది. /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్‌లో దాన్ని అనుమతించి మెనూను తిరిగి తయారుచేస్తే విండోస్ మళ్లీ కనిపిస్తుంది.

కెర్నెల్ దశ. కెర్నెల్ మొదలై, రూట్ ఫైల్‌సిస్టమ్‌ను మౌంట్ చేయలేకపోయానంటూ «కెర్నెల్ పానిక్» సందేశంతో ఆగడం అప్‌డేట్ తర్వాత బాగా కనిపించే లోపం. ఆ సందేశం చివర అన్‌నోన్-బ్లాక్ (0,0) అని ఉంటే కెర్నెల్‌కు ఏ డిస్కూ కనిపించలేదని అర్థం. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తయారు కాకపోవడమో, మెనూలో దాని వరుస లేకపోవడమో సాధారణంగా కారణం. దీని వెనుక తరచూ ఉండేది నిండిపోయిన /బూట్ పార్టిషన్. కెర్నెల్ ఫైలు పట్టినా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌కు చోటు చాలక రాత మధ్యలో ఆగిపోతుంది. అప్‌డేట్ సమయంలో చోటు లేదన్న హెచ్చరిక తెరపై వచ్చినా, వందల వరుసల మధ్య అది కంటపడదు.

ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ దశ. డెబియన్, ఉబుంటులలో ఫలానా యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) గల డిస్కు లేదన్న హెచ్చరికతో చిన్న బిజీబాక్స్ షెల్ వస్తుంది. ఫెడోరా కుటుంబంలో, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను తయారుచేసే డ్రాకట్, గడువు ముగిసిందని చెప్పి అత్యవసర షెల్ ఇస్తుంది. ఇక్కడ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఉంది, అది వెతికే రూట్ మాత్రం దొరకలేదు. డిస్కును క్లోన్ చేశాక గుర్తింపు సంఖ్య మారడం, డిస్కు కంట్రోలర్ డ్రైవరు ఇమేజ్‌లోకి చేరకపోవడం, ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కు వివరాలు /ఈటీసీ/క్రిప్ట్‌ట్యాబ్‌లో తప్పడం కారణాలు. ఆ షెల్‌లోనే కెర్నెల్‌కు అందిన ఆదేశ వరుసను /ప్రోక్/సీఎండీలైన్‌లో చూసి, బీఎల్‌కేఐడీ ఆదేశం చూపే డిస్కుల జాబితాతో పోల్చాలి. డిస్కు జాబితాలో ఉండి సంఖ్య వేరైతే తప్పు మెనూది. డిస్కే కనిపించకపోతే తప్పు డ్రైవరుది.

రూట్ దాటాక. సిస్టమ్ కొంతదూరం వెళ్లి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగితే బూట్‌లోడర్ పని ముగిసినట్టే అనిపిస్తుంది. కానీ ఒక సందర్భంలో మూలం అక్కడే ఉంటుంది. అప్‌డేట్ సమయంలో /బూట్ పార్టిషన్ మౌంట్ కాకుండా ఉంటే, కొత్త కెర్నెల్ అదే పేరున్న ఖాళీ డైరెక్టరీలో పడుతుంది. గ్రబ్ అసలు పార్టిషన్‌లోని పాత కెర్నెల్‌నే నడుపుతుంది. పాత మాడ్యూళ్లను ప్యాకేజీ మేనేజర్ తొలగించి ఉంటే, ఆ కెర్నెల్‌కు ఫ్యాట్ డ్రైవరు కూడా దొరకక ఈఎఫ్‌ఐ పార్టిషన్ మౌంట్ విఫలమవుతుంది. పాత కెర్నెల్‌ను మిగల్చకుండా దాని స్థానంలోనే కొత్తదాన్ని ఉంచే ఆర్చ్ లినక్స్‌లో ఇది పరిచితమైన సమస్య. యూనేమ్ ఆదేశం చూపే నడుస్తున్న వెర్షన్, /లిబ్/మాడ్యూల్స్ కింద ఉన్న వెర్షన్ వేరైతే నిర్ధారణ అయినట్టే.

సెక్యూర్ బూట్ వల్ల వచ్చే లోపాలు

సెక్యూర్ బూట్ గొలుసులో ప్రతి మెట్టూ తర్వాతి మెట్టు సంతకాన్ని పరీక్షిస్తుంది. సొంతంగా కంపైల్ చేసిన, సంతకం లేని కెర్నెల్‌ను గ్రబ్ తిరస్కరించి షిమ్ సంతకం చెల్లదని చెబుతుంది. డీకేఎంఎస్ మాడ్యూళ్ల సంగతీ అంతే. కెర్నెల్ బూట్ అవుతుంది కానీ సంతకం లేని గ్రాఫిక్స్ డ్రైవరు ఎక్కక తెర నల్లగానో తక్కువ రిజల్యూషన్‌తోనో మిగులుతుంది. యంత్ర యజమాని తాళంచెవిని మోక్‌యుటిల్ ద్వారా నమోదు చేసి, ఆ తాళంచెవితో మాడ్యూల్‌కు సంతకం చేయడం దీనికి సరైన మార్గం.

2020 జులైలో గ్రబ్‌లో బూట్‌హోల్ అనే భద్రతా లోపం బయటపడింది. దాన్ని సరిచేయడానికి వచ్చిన అప్‌డేట్ల తర్వాత రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్, సెంట్‌ఓఎస్ సర్వర్లు కొన్ని బూట్ కాకుండా పోయాయి. అక్కడ తప్పు షిమ్ ప్యాకేజీది. ఆ తర్వాత పాత బూట్‌లోడర్లను తరాల వారీగా రద్దు చేసే ఎస్‌బాట్ పద్ధతి వచ్చింది. 2024 ఆగస్టులో విండోస్ భద్రతా అప్‌డేట్ ఒకటి ఈ రద్దు జాబితాను కొన్ని డ్యూయల్ బూట్ యంత్రాల్లోనూ అమలు చేయడంతో, పాత షిమ్ ఉన్న లినక్స్‌లు ఎస్‌బాట్ పరీక్ష విఫలమైందని చెప్పి ఆగిపోయాయి. అటువంటప్పుడు సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి లినక్స్‌లోకి వెళ్లి, మోక్‌యుటిల్‌తో ఎస్‌బాట్ విధానాన్ని తొలగించి, షిమ్‌ను కొత్తదానికి మార్చి, సెక్యూర్ బూట్‌ను తిరిగి అమలు చేయాలి.

తాత్కాలికంగా బూట్ చేయడం

శాశ్వత మరమ్మతుకు ముందు యంత్రాన్ని ఒకసారి లేపగలిగితే పని తేలిక. మొదటి మార్గం పాత కెర్నెల్. ఉబుంటులో బయోస్ యంత్రమైతే షిఫ్ట్ కీని పట్టి ఉంచి, యూఈఎఫ్‌ఐ యంత్రమైతే ఎస్కేప్ నొక్కి మెనూ తెచ్చుకుని, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద వెనుకటి వెర్షన్‌ను ఎంచుకోవాలి. పాతది బూట్ అయిందంటే గ్రబ్, డిస్కు, ఫర్మ్‌వేర్ మూడూ సవ్యంగా ఉన్నట్టు తేలిపోతుంది. వెతకవలసింది కొత్త కెర్నెల్ ఫైళ్లలోనే.

రెండో మార్గం పద్దును అక్కడికక్కడ దిద్దడం. పద్దు మీద ఉండగా ‘ఇ’ కీ నొక్కితే దాని వరుసలు తెరుచుకుంటాయి. క్వయట్, స్ప్లాష్ అన్న మాటలు తీసేస్తే దాగిన సందేశాలు కనిపిస్తాయి. గ్రాఫిక్స్ అనుమానముంటే నోమోడ్‌సెట్ చేర్చవచ్చు. కంట్రోల్-ఎక్స్ నొక్కితే ఆ మార్పులతో బూట్ అవుతుంది. ఇవి ఆ ఒక్కసారికే వర్తిస్తాయి.

మూడో మార్గం గ్రబ్ ప్రాంప్ట్ నుంచి చేత్తో నడిపించడం. ఎల్ఎస్ ఆదేశంతో పార్టిషన్‌లను ఒక్కొక్కటిగా చూసి కెర్నెల్ ఉన్నదాన్ని పట్టుకోవాలి. దాన్ని రూట్‌గా పెట్టి, లినక్స్ అన్న ఆదేశంతో కెర్నెల్‌ను, ఇనిట్‌ఆర్‌డీ అన్న ఆదేశంతో ఇమేజ్‌ను ఎక్కించి, చివర బూట్ అనాలి. లినక్స్ వరుసలో సిస్టమ్ రూట్ ఏదో కూడా చెప్పాలి. గ్రబ్ రూట్, సిస్టమ్ రూట్ ఒకటి కానవసరం లేదు. /బూట్‌కు ప్రత్యేక పార్టిషన్ ఉంటే ఫైలు మార్గంలో /బూట్ అన్న మాట రాయకూడదు, ఎందుకంటే ఆ పార్టిషన్ లోపల ఫైలు మొదటి మెట్టులోనే ఉంటుంది. రెస్క్యూ ప్రాంప్ట్‌లోనైతే ముందు ప్రిఫిక్స్‌ను గ్రబ్ డైరెక్టరీకి సరిచేసి, నార్మల్ మాడ్యూల్‌ను ఎక్కించాలి.

లైవ్ మీడియా నుంచి మరమ్మతు

ఈ మార్గాలేవీ ఫలించకపోతే లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి సీహెచ్‌రూట్ పద్ధతిలో డిస్కులోని సిస్టమ్‌లోకి ప్రవేశిస్తారు. యంత్రం యూఈఎఫ్‌ఐదైతే యూఎస్‌బీని కూడా యూఈఎఫ్‌ఐ పద్ధతిలోనే బూట్ చేయాలి. లేకపోతే ఫర్మ్‌వేర్ బూట్ జాబితాను మార్చే వీలుండదు. ముందు రూట్‌ను, తర్వాత /బూట్‌ను, ఆ పైన ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను వాటి స్థానాల్లో మౌంట్ చేయాలి. ఎన్‌క్రిప్షన్ ఉంటే అంతకుముందే తాళం తీయాలి. /డెవ్, /ప్రోక్, /సిస్, /రన్‌లను బైండ్ మౌంట్ చేసి సీహెచ్‌రూట్ చేయాలి. /బూట్‌ను మౌంట్ చేయడం మరిచిపోతే కొత్త ఫైళ్లన్నీ మళ్లీ తప్పు చోటే పడతాయి.

లోపలికి వెళ్లాక మొదట చూడవలసింది /బూట్‌లో మిగిలిన చోటు. నిండి ఉంటే పాత కెర్నెల్‌లను ప్యాకేజీ మేనేజర్ ద్వారా తీసేయాలి. ఫైళ్లను చేత్తో చెరిపితే ప్యాకేజీ లెక్కలు తప్పుతాయి. తర్వాత సగంలో ఆగిన ప్యాకేజీలను పూర్తిచేసి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను తిరిగి తయారుచేసి, ఆఖరున మెనూను పుట్టించాలి. ఈ వరుస ముఖ్యం. మెనూ స్క్రిప్టు /బూట్‌లో ఏ ఇమేజ్ ఉందో చూసే పద్దు రాస్తుంది కాబట్టి, ఇమేజ్‌కు ముందే మెనూ తయారుచేస్తే ఇనిట్‌ఆర్‌డీ వరుస లేని పద్దు పుడుతుంది. రెస్క్యూ ప్రాంప్ట్ లేదా సింబల్ లోపం వచ్చిన యంత్రానికి గ్రబ్-ఇన్‌స్టాల్ కూడా నడపాలి. మెనూ సవ్యంగా వస్తున్న యంత్రానికి దాని అవసరం లేదు.

డిస్ట్రోల మధ్య తేడాలు

డెబియన్, ఉబుంటులలో ఇమేజ్ కోసం అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, మెనూ కోసం అప్‌డేట్-గ్రబ్ వాడతారు. సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ డెబియన్ ఆధారితం కాబట్టి దానికీ ఇవే వర్తిస్తాయి.

ఫెడోరా 2019లో వచ్చిన 30వ వెర్షన్ నుంచి, రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8వ వెర్షన్ నుంచి, ఒక్కో కెర్నెల్‌కు ఒక్కో చిన్న ఫైలు ఉండే పద్ధతికి మారాయి. ఆ ఫైళ్లు /బూట్/లోడర్/ఎంట్రీస్‌లో ఉంటాయి. కొత్త కెర్నెల్ వస్తే మెనూ మొత్తాన్ని తిరగరాయక్కర్లేదు, ఒక ఫైలు చేరితే చాలు. ఆదేశ వరుసను, డిఫాల్ట్ పద్దును మార్చడానికి గ్రబ్బీ వాడతారు. ఫెడోరా 34 నుంచి ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోని మెనూ ఫైలు అసలు మెనూకు దారి చూపే చిన్న సూచిక మాత్రమే. పాత అలవాటు కొద్దీ గ్రబ్ 2 ఎంకేకాన్ఫిగ్ ఫలితాన్ని అక్కడ రాస్తే ఆ సూచిక చెడిపోతుంది.

ఆర్చ్‌లో ఎంకేఇనిట్‌సీపీఐఓ ఇమేజ్‌ను తయారుచేస్తుంది. గ్రబ్ ప్యాకేజీ మారినా డిస్కు మీది గ్రబ్‌ను తిరిగి వేసే బాధ్యత వాడుకరిదే. 2022 ఆగస్టులో ఈ తేడా బయటపడింది. కొత్త ప్యాకేజీ స్క్రిప్టులు తయారుచేసిన మెనూలో, డిస్కు మీదున్న పాత గ్రబ్‌కు తెలియని ఒక ఆప్షన్ ఉంది. పాత గ్రబ్ దాన్ని అర్థం చేసుకోలేక ఫర్మ్‌వేర్ సెటప్‌లోకి వెళ్లిపోయేది. మెనూను తిరిగి తయారుచేసే ముందు గ్రబ్-ఇన్‌స్టాల్ నడిపినవారికి ఈ ఇబ్బంది రాలేదు.

గ్రబ్‌కు బదులు సిస్టమ్‌డీ-బూట్ అనే బూట్‌లోడర్ వాడే యంత్రాల్లో మాడ్యూళ్లు, స్క్రిప్టులతో కూడిన మెనూ ఉండదు. కెర్నెల్, ఇమేజ్ రెండూ సాధారణంగా ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోనే ఉండాలి. విండోస్ ఆ పార్టిషన్‌ను తరచూ 100 ఎంబీ పరిమాణంతో చేస్తుంది కాబట్టి, డ్యూయల్ బూట్ యంత్రాల్లో చోటు చాలకపోవడం ఇక్కడి ప్రధాన లోపం.

నివారణ

పనిచేస్తున్న ఒక పాత కెర్నెల్‌ను ఎప్పుడూ ఉంచుకోవడం అన్నిటికంటే ఆధారపడదగిన జాగ్రత్త. ఫెడోరా డిఫాల్ట్‌గా మూడు కెర్నెల్‌లను ఉంచుతుంది. ఆర్చ్‌లో దీర్ఘకాల మద్దతు గల ఎల్‌టీఎస్ కెర్నెల్‌ను జంటగా వేసుకోవాలి. అప్‌డేట్‌కు ముందు /బూట్ మౌంట్ అయి ఉందో లేదో, చోటు ఉందో లేదో చూడాలి. అప్‌డేట్ తర్వాత, రీస్టార్ట్ చేయకముందే, కొత్త వెర్షన్ పేరుతో కెర్నెల్, ఇమేజ్, మాడ్యూల్ డైరెక్టరీ మూడూ ఉన్నాయా, మెనూలో పద్దు చేరిందా, డీకేఎంఎస్ స్థితి సరిగా ఉందా అని సరిచూడాలి. దూరంగా ఉన్న సర్వర్లలో పాత కెర్నెల్‌నే డిఫాల్ట్‌గా ఉంచి, గ్రబ్-రీబూట్ ఆదేశంతో కొత్త కెర్నెల్‌ను ఒక్కసారికి మాత్రమే ఎంచుకుంటే, అది విఫలమై యంత్రాన్ని మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు పాతదే నడుస్తుంది.

ఈ పొంతన సమస్యను మూలంలోనే తగ్గించే పద్ధతులూ వచ్చాయి. సిస్టమ్‌డీ-బూట్‌లోని బూట్ లెక్కింపు కొత్త పద్దుకు కొన్ని అవకాశాలే ఇచ్చి, అవి విఫలమైతే వెనుకటి పద్దుకు మళ్లుతుంది. ఏకీకృత కెర్నెల్ ఇమేజ్‌లో కెర్నెల్, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, ఆదేశ వరుస మూడూ ఒకే సంతకంతో ఒకే ఫైలుగా ఉంటాయి. వాటిలో ఒకటి మారి మరొకటి మిగిలిపోయే అవకాశం అక్కడ ఉండదు. అయితే ఆ ఫైలుకు సరిపడా చోటు, ఫర్మ్‌వేర్ జాబితాలో సరైన పద్దు, డిస్కులో అదే వెర్షన్ మాడ్యూళ్లు మాత్రం ఈ పద్ధతిలోనూ అవసరమే.